ఇంట పుట్టిన కూన వీధి పాలు కారాదు

● ఫ్లాట్లలో పెరుగుతున్న చిన్న జాతి శునకాల సంతతి
● ఇంట్లో పుట్టించి అమ్మినా 2017 నిబంధనలు వర్తిస్తాయి
● తొలి ఎనిమిది వారాల సంరక్షణే జీవితాంతం ఆధారం

మాదాపూర్: సైబర్ టవర్స్ ప్రారంభమైన 1998 నవంబరు నాటికి చుట్టూ బండరాళ్లు, తుప్పలే కనిపించిన ప్రాంతం నేడు ఆకాశహర్మ్యాలతో నిండిపోయింది. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, మణికొండ, కోకాపేటల వరకు విస్తరించిన ఐటీ కారిడార్‌లో పెరడు ఉన్న ఇళ్లు తగ్గి ఫ్లాట్లు పెరిగాయి. ఇంటి స్వరూపంతో పాటు ఇంటి కుక్క కూడా మారింది. గుమ్మం బయట కాపలా కాసే కుక్క స్థానంలో సోఫాపై నిద్రించే పగ్, షిట్జు, పమేరియన్, లాసా ఆప్సో, డాషండ్ వంటి చిన్న జాతులు వచ్చి చేరాయి. శునకాల కోసమే కొండాపూర్‌లో 2018లో 1.3 ఎకరాల్లో ప్రత్యేక పార్కును నెలకొల్పడం ఈ మార్పునకు నిదర్శనం.

ముచ్చటపడి పెంచుకున్న ఆడ కుక్క ఎదిగేసరికి చాలా ఇళ్లలో ఒక ఆలోచన మొదలవుతుంది. ఒక్కసారి పిల్లలు పెట్టిస్తే బాగుంటుందని, పెట్టిన ఖర్చు కొంత తిరిగి వస్తుందని, అపార్ట్‌మెంట్‌లో అడిగేవారు ఉన్నారని అనుకుంటారు. మగ కుక్క ఉన్న ఇంటివారితో మాట్లాడుకుని క్రాసింగ్ చేయిస్తారు. ఆ తర్వాత ఎదురయ్యే కష్టాలకు మాత్రం సిద్ధపడి ఉండరు. పురిటిలో తల్లి ప్రాణం మీదకు రావచ్చు. నెల రోజులకే తల్లి నుంచి వేరైన కూన పార్వో సోకి చనిపోవచ్చు. బతికి బయటపడినా మనుషులను చూస్తే బెదిరి కరిచే కుక్కగా మారవచ్చు. అటువంటి కుక్కను చివరకు రింగురోడ్డు పక్కన వదిలి వెళ్లేవారూ ఉన్నారు. ఇంట్లో బాధ్యతగా పిల్లలు పెట్టించాలంటే ఏయే అంశాలు తెలిసి ఉండాలో చూద్దాం.

ఇల్లు అయినా మినహాయింపు లేదు

ఇంట్లో ఉన్న ఒక్క కుక్కకు పిల్లలు పెట్టించి అమ్ముకోవడం సొంత వ్యవహారమన్న అభిప్రాయం పలువురిలో ఉంది. ఇది సరికాదు. జంతువులపై క్రూరత్వ నిరోధక చట్టం-1960 కింద కేంద్ర ప్రభుత్వం 2017 మే నెలలో శునకాల పెంపకం, విక్రయాలపై ప్రత్యేక నిబంధనలు జారీ చేసింది. వీటి ప్రకారం అమ్మకం కోసం శునకాలకు పిల్లలు పెట్టించే ప్రతి వ్యక్తీ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు వద్ద నమోదు చేయించుకోవాలి. ఇందుకు వినియోగించే స్థలం దుకాణమైనా, షెడ్డయినా, నివాస గృహమైనా నిబంధనలు ఒక్కటే. నమోదు గడువు రెండేళ్లు. గడువు తీరాక మళ్లీ చేయించుకోవాలి.

జత కట్టించే విషయంలోనూ నిబంధనలు స్పష్టంగా ఉన్నాయి. ఆడ, మగ కుక్కలకు కనీసం 18 నెలల వయసు నిండాలి. రెండూ ఆరోగ్యంగా ఉన్నాయని పశువైద్యుడు ముందుగా ధ్రువీకరించాలి. ఏడాదికి ఒక్క ఈతకు మించరాదు. జీవితకాలంలో ఐదు ఈతలు దాటరాదు. ఎనిమిదేళ్లు పైబడిన ఆడ కుక్కకు పిల్లలు పెట్టించరాదు. దగ్గరి రక్తసంబంధం ఉన్న వాటిని జత చేయరాదు. ఎనిమిది వారాలు నిండని కూనలను అమ్మరాదు. అమ్మే ముందు టీకాలు వేయించి, మైక్రోచిప్ అమర్చాలి. ఆరు నెలలు దాటిన కుక్కను నమోదిత పెంపకందారుకు కాక వేరొకరికి అమ్మాలంటే ముందుగా సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయించాలి. ఏ కూన ఎవరి చేతికి చేరిందో రికార్డు ఉంచి, ఏటా బోర్డుకు నివేదిక సమర్పించాలి.

ఇవి కాగితాలకే పరిమితమైన షరతులు కావు. ప్రతి నిబంధన వెనుకా ఒక జబ్బో, ఒక మరణమో, వీధి పాలైన ఒక కుక్కో ఉంది. ఇంటిలో పెంచే కుక్కకు స్థానిక నగరపాలక సంస్థ లైసెన్సు తీసుకోవడం వేరు, పిల్లలు పెట్టించేందుకు బోర్డు వద్ద నమోదు చేయించుకోవడం వేరు. ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది ఉన్నట్లు కాదు.

అన్ని కుక్కలూ తగినవి కావు

ముద్దుగా ఉండటం పిల్లలు పెట్టించడానికి అర్హత కాదు. చిన్న జాతులకు వంశపారంపర్యంగా సంక్రమించే లోపాలు అనేకం ఉన్నాయి. పమేరియన్ వంటి జాతుల్లో మోకాలి చిప్ప పక్కకు జారడం, శ్వాసనాళం కుంచించుకుపోవడం తరచుగా కనిపిస్తాయి. డాషండ్‌కు వెన్నుపూసల మధ్య డిస్క్ జారి వెనుక కాళ్లు పడిపోయే ముప్పు అధికం. చివావాల్లో కొన్నింటికి పుర్రె పైభాగం పూర్తిగా మూసుకోదు. పగ్, షిట్జు వంటి చప్పిడి ముక్కు జాతుల్లో శ్వాసమార్గం ఇరుకుగా ఉంటుంది. అవి వేసవి ఎండకు త్వరగా వడదెబ్బ పాలవుతాయి.

2003లో హచ్ సెల్‌ఫోన్ ప్రకటనలో బాలుడి వెంట నడిచిన పగ్‌ను దేశమంతా చూసింది. ఆ తర్వాత ఆ జాతికి గిరాకీ విపరీతంగా పెరిగింది. ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే హైదరాబాద్ వేసవి ఆ ముక్కుకు సరిపడదన్న సంగతి చాలామందికి కుక్కను తెచ్చుకున్న తర్వాతే తెలిసింది. నిద్రలో గురక పెట్టడం, కొద్ది దూరం నడిస్తేనే రొప్పడం జాతి లక్షణం కాదు, శ్వాస అందని స్థితికి సంకేతం. అటువంటి కుక్కకు పిల్లలు పెట్టిస్తే ఆ బాధనే తర్వాతి తరానికి అందించినట్లవుతుంది.

అందుకే జత కట్టించే ముందు మోకాళ్లు, గుండె, కళ్లు, దంతాలు, శ్వాసమార్గాలను పరీక్ష చేయించాలి. జత ద్వారా సంక్రమించి గర్భస్రావానికి దారితీసే బ్రూసెల్లా వ్యాధి లేదని రెండు కుక్కలకూ రక్తపరీక్ష ద్వారా నిర్ధారించుకోవాలి. మన ప్రాంతంలో పిడుదుల వల్ల వచ్చే జ్వరం సర్వసాధారణం కనుక దానికీ పరీక్ష అవసరం. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చే పెడిగ్రీ పత్రం వంశక్రమాన్ని తెలుపుతుందే తప్ప ఆరోగ్యానికి హామీ ఇవ్వదు. 'టీకప్' పేరుతో అతి చిన్న కుక్కలను పుట్టించడం ప్రమాదకరం. ఆ పేరుతో గుర్తింపు పొందిన జాతి ఏదీ లేదు.

స్వభావం కూడా అంతే ముఖ్యం. అతిథులను చూసి వణికే కుక్క, చేయి చాపితే కరిచే కుక్క ఎంత అందంగా ఉన్నా సంతతికి పనికిరాదు. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేయదన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. కూనలు తల్లి నుంచి భయాన్ని రక్తం ద్వారానే కాక, నిత్యం చూసి కూడా నేర్చుకుంటాయి.

ఒక్కసారైనా ఈనితేనే ఆడ కుక్క ఆరోగ్యంగా ఉంటుందన్నది అపోహ. నిజానికి సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయించిన కుక్కకు గర్భసంచిలో చీము పట్టే ప్రాణాంతక వ్యాధి బెడద తప్పుతుంది. తొలి ఎదకు ముందే చేయిస్తే చన్నుల్లో కణుతులు వచ్చే అవకాశమూ బాగా తగ్గుతుంది.

నాలుగు నెలల బాధ్యత

కుక్క సాధారణంగా ఆరు నెలలకు ఒకసారి ఎదకు వస్తుంది. తొలి ఎదలో జత కట్టించరాదు. రక్తంలో ప్రొజెస్టిరాన్ హార్మోన్ పరీక్ష ద్వారా అనువైన రోజును పశువైద్యులు నిర్ధారిస్తారు. చూలు కాలం సుమారు 63 రోజులు. కూనలు తల్లి వద్ద ఉండాల్సిన కాలం కనీసం 56 రోజులు. రెండూ కలిపితే దాదాపు నాలుగు నెలలు. భార్యాభర్తలిద్దరూ కార్యాలయానికి వెళ్లే ఇళ్లలో ఈ లెక్క ముందుగానే వేసుకోవాలి. ఈనిన తర్వాత కనీసం మూడు వారాలు ఇంట్లో ఎవరో ఒకరు రాత్రింబవళ్లు అందుబాటులో ఉండాలి. పనిమనిషికి అప్పగించి వెళ్లే పని కాదు.

చూలును నాలుగో వారంలో స్కానింగ్ ద్వారా నిర్ధారించుకోవచ్చు. 55 రోజులు దాటాక ఎక్స్‌రే తీస్తే కూనల సంఖ్య తెలుస్తుంది. సంఖ్య తెలిసి ఉంటే ఈత పూర్తయిందో, ఇంకా కూన లోపల ఉండిపోయిందో గుర్తించడం తేలిక. చివరి మూడు వారాల్లో ఆహారాన్ని క్రమంగా పెంచాలి. పెరుగన్నం మాత్రమే పెడితే చూలు కుక్కకు అవసరమైన మాంసకృత్తులు అందవు. బలానికని కాల్షియం మందులు సొంతంగా వాడటం ఎంతమాత్రం తగదు. చూలు సమయంలో అదనంగా కాల్షియం ఇస్తే, సొంత ఎముకల నుంచి దాన్ని తీసుకునే శక్తి శరీరంలో మందగించి, పాలిచ్చే దశలో కొరత ప్రాణాంతకమయ్యే ముప్పు ఉంటుంది.

పురిటి వేళ జాగ్రత్తలు

ఈనేందుకు రెండు వారాల ముందే రాకపోకలు లేని గదిలో అంచులున్న పెట్టెను సిద్ధం చేసి, కుక్కను అందులో పడుకోవడానికి అలవాటు చేయాలి. చివరి వారంలో రోజుకు రెండుసార్లు ఉష్ణోగ్రత చూడాలి. మామూలుగా 101 డిగ్రీల ఫారన్‌హీట్‌కు అటూ ఇటూగా ఉండే ఉష్ణోగ్రత 99 కన్నా తగ్గితే 24 గంటల్లోగా నొప్పులు మొదలవుతాయని అర్థం.

బలమైన నొప్పులు మొదలై అరగంట గడిచినా కూన బయటకు రాకపోయినా, రెండు కూనల మధ్య వ్యవధి రెండు గంటలు దాటినా, మొదటి కూన కన్నా ముందే ఆకుపచ్చని స్రావం కనిపించినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తరలించాలి. పగ్ వంటి పెద్ద తల, చిన్న కటి ఉన్న జాతులకు సిజేరియన్ అవసరం కావడం అరుదేమీ కాదు. అర్ధరాత్రి తెరిచి ఉండే పశువైద్యశాల ఎక్కడుందో, అక్కడికి చేరడానికి ఎంత సమయం పడుతుందో ముందే తెలుసుకోవాలి. గచ్చిబౌలి కూడలిలో వాహనాలు నిలిచిపోయాక వెదుక్కుంటే ప్రయోజనం ఉండదు.

పుట్టిన కూన ముఖంపై ఉమ్మనీటి పొరను తల్లి తొలగించకపోతే వెంటనే మనమే తొలగించి, మెత్తని గుడ్డతో రుద్ది తుడవాలి. తొలి గంటల్లోనే ముర్రుపాలు తాగించాలి. రోగనిరోధక శక్తి వాటి ద్వారానే కూనకు చేరుతుంది.

తొలి మూడు వారాలు

చిన్న జాతుల కూనలు పుట్టినప్పుడు వంద, రెండు వందల గ్రాముల మధ్య బరువు ఉండటం సాధారణం. తొలి వారాల్లో వాటికి తమ శరీరాన్ని తాము వెచ్చగా ఉంచుకునే శక్తి ఉండదు. పెట్టెలో తొలి వారం 85 నుంచి 90 డిగ్రీల ఫారన్‌హీట్ వేడి ఉండాలి. తల్లికి ఉక్కపోస్తోందని ఏసీ వేసి పడుకుంటే తెల్లారేసరికి కూన చల్లబడి చనిపోయే ప్రమాదం ఉంది. వేడి ఒక మూలకే తగిలేలా దీపం అమర్చితే తల్లి, కూనలు తమకు అనువైన చోటికి జరుగుతాయి.

వంటింటి ఎలక్ట్రానిక్ త్రాసు ఈ దశలో గొప్ప సాధనం. రోజూ ఒకే వేళకు ప్రతి కూననూ తూచి రాసుకోవాలి. పది రోజులు వచ్చేసరికి బరువు రెట్టింపు కావాలి. ఒక్కరోజు బరువు పెరగకపోయినా గమనించాలి, తగ్గితే వైద్యుణ్ని సంప్రదించాలి. తల్లి పాలు చాలకపోతే ఆవు పాలు పట్టరాదు. కుక్క పాలలో మాంసకృత్తులు, కొవ్వు ఆవు పాలలో కన్నా ఎక్కువ. కూనల కోసం తయారైన పాలపొడి మాత్రమే వాడాలి.

ఈనిన రెండు, మూడు వారాలకు తల్లి వణకడం, రొప్పడం, కాళ్లు బిగుసుకుపోవడం కనిపిస్తే అది రక్తంలో కాల్షియం పడిపోయిన లక్షణం. చిన్న జాతుల్లో ఇది ఎక్కువ. కూనలను తల్లి నుంచి వేరుచేసి గంటల్లో కాక నిమిషాల్లో ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మొక్కగా ఉన్నప్పుడే వంచాలి

రెండు వారాలకు కళ్లు తెరుచుకుంటాయి. కొద్ది రోజులకు చెవులు వినిపిస్తాయి. మూడో వారం నుంచి పన్నెండో వారం వరకు ఉన్న కాలమే కుక్క స్వభావాన్ని తీర్చిదిద్దుతుంది. అమెరికాలోని బార్ హార్బర్ పరిశోధనాలయంలో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి జరిపిన పరిశీలనలను 1965లో గ్రంథంగా వెలువరించారు. ఈ వయసులో మనుషుల స్పర్శ ఎరుగని కూనలు పెద్దయ్యాక మనుషులకు భయపడతాయని వారు తేల్చారు. 30-40 రోజులకే తల్లి నుంచి వేరుచేసిన కుక్కల్లో అతిగా మొరగడం, భయం, వస్తువులను కొరికి పాడుచేయడం వంటి సమస్యలు రెండు నెలలు తల్లి వద్ద ఉన్న వాటికన్నా ఎక్కువని ఇటలీ పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనం వెల్లడించింది.

ఈ తొమ్మిది వారాల్లో అయిదు వారాలు కూన పుట్టింట్లోనే గడుస్తాయి. కనుక శిక్షణ కొన్నవారి పని అనుకోవడం పొరపాటు. తోబుట్టువులతో ఆడుతూ గట్టిగా కొరికినప్పుడు అవతలి కూన కీచుమని అరిచి ఆట మానేస్తుంది. పంటిని అదుపులో ఉంచుకోవడం కూన అక్కడే నేర్చుకుంటుంది. నెల రోజులకే వేరు చేస్తే ఆ పాఠం మరొకరు నేర్పలేరు.

ఐటీ కారిడార్‌లోని ఫ్లాటులో పెరగబోయే కుక్కకు ఆ జీవితంలోని శబ్దాలు, మనుషులు చిన్ననాడే పరిచయం కావాలి. కుక్కర్ ఈల, మిక్సీ, వాషింగ్ మెషీన్, లిఫ్టు తలుపు, జనరేటర్ మోత వినిపించాలి. దీపావళి బాణసంచా, వినాయక నిమజ్జనం డప్పుల శబ్దాలను ఫోన్‌లో తక్కువ ధ్వనితో మొదలుపెట్టి, కూన తింటున్న వేళ వినిపిస్తూ క్రమంగా పెంచవచ్చు. చిన్నపిల్లలు, చేతికర్ర పట్టిన వృద్ధులు, బురఖా ధరించినవారు, హెల్మెట్ పెట్టుకుని సరకులు తెచ్చే యువకులు, యూనిఫాంలో ఉన్న సెక్యూరిటీ సిబ్బంది వంటి రకరకాల మనుషులను చూపాలి. గ్రానైట్ గచ్చు, చాప, గడ్డి, తడి నేలపై నడిపించాలి. రోజూ పాదాలు, చెవులు, నోరు తాకి చూడాలి. ఇలా అలవాటైన కుక్క వైద్యుడి బల్లపై బెదరదు.

ఏదీ బలవంతంగా చేయరాదు. కూన వెనక్కి జరిగితే దూరం పెంచాలి. ఒక్కో అనుభవం తర్వాత తగినంత నిద్ర ఇవ్వాలి. ఆరో వారం నుంచి ఒక్కో కూనను కొద్ది నిమిషాలు విడిగా ఉంచి ఒంటరితనానికీ అలవాటు చేయాలి. ఇంట్లోవారు కార్యాలయానికి వెళ్లినప్పుడు రోజంతా మొరిగి ఇరుగుపొరుగుతో తగవు తెచ్చే అలవాటును నివారించే మార్గం ఇదే.

టీకాలు.. నట్టల మందు

రెండో వారం నుంచి రెండు వారాలకోసారి తల్లికి, కూనలకు నట్టల మందు వేయాలి. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య పార్వో, డిస్టెంపర్‌లకు తొలి టీకా వేయించాలి. తల్లి పాల ద్వారా వచ్చిన రక్షణ ఒక్కో కూనలో ఒక్కో సమయంలో తగ్గుతుంది. అది ఉన్నంతకాలం టీకా సరిగా పనిచేయదు. అందుకే 16 వారాలు వచ్చేవరకు మూడు, నాలుగు వారాలకోసారి మళ్లీ వేయిస్తారు. రేబిస్ టీకా మూడు నెలలకు వేయించాలి. ఒక్క టీకా వేసి పని పూర్తయిందనుకోవడం ప్రమాదకరం.

పార్వో వైరస్ నేలలో నెలల తరబడి బతికి ఉంటుంది. టీకాలు పూర్తికాని కూనను అపార్ట్‌మెంట్ పచ్చికలో, పార్కులో నేలపై వదలరాదు. అలాగని నాలుగు నెలలు గదిలో బంధించినా స్వభావం దెబ్బతింటుంది. చేతుల్లో ఎత్తుకుని బయటి ప్రపంచాన్ని చూపడం రెండింటికీ మధ్యేమార్గం.

ఎవరి చేతికి ఇస్తున్నారు?

కూనలను కోరే ఇళ్లు ముందే సిద్ధంగా ఉన్నాకే జత కట్టించాలి. కొనేవారిని ప్రశ్నించడం అవమానం కాదు, బాధ్యత. పగలు ఇంట్లో ఎవరుంటారు, అద్దె ఇల్లయితే యజమాని అంగీకారం ఉందా, విదేశీ ప్రాజెక్టు వస్తే కుక్కను ఎవరు చూస్తారు అని అడగాలి. పుట్టినరోజు కానుకగా అడిగేవారికి ఇవ్వకపోవడమే మేలు. ఏ కారణంగా ఉంచుకోలేకపోయినా ఎప్పుడైనా కుక్కను తిరిగి తమకే అప్పగించాలని రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోవాలి. టీకాల కార్డు, మైక్రోచిప్ సంఖ్య, తింటున్న ఆహారం వివరాలు అందజేయాలి. చిన్న జాతుల కూనలు ఎక్కువసేపు ఆకలితో ఉంటే రక్తంలో చక్కెర పడిపోయి స్పృహ తప్పుతాయి. రోజుకు నాలుగుసార్లు కొద్దికొద్దిగా పెట్టాలని తప్పక చెప్పాలి.

పెంచుకున్న జంతువును వదిలేయడం 1960 చట్టం ప్రకారం నేరమే. అయితే మొదటిసారి నేరానికి ఆ చట్టంలో రాసిన జరిమానా రూ.10 నుంచి రూ.50 మాత్రమే. చట్టం భయం ఇంత స్వల్పంగా ఉన్నప్పుడు కూనను పుట్టించిన ఇల్లే దానికి చివరి రక్షణ. మెత్తని పరుపుపై పెరిగిన షిట్జు వీధి కుక్కల మధ్య, వాహనాల మధ్య ఎక్కువ కాలం బతకలేదు.

కొనేవారికీ ఈ బాధ్యతలో భాగం ఉంది. తల్లిని చూపించని చోట, ఎనిమిది వారాలు నిండకుండా ఇచ్చే చోట, రోడ్డు మీద కారు డిక్కీలో తెచ్చి చూపే చోట కొనరాదు. నమోదు పత్రం అడగాలి. కూన చురుకుగా ఉందా, కళ్లు, ముక్కు శుభ్రంగా ఉన్నాయా, తల్లి అపరిచితుల వద్దకు నిర్భయంగా వస్తోందా అని పరిశీలించాలి. జాతి పట్టింపు లేనివారు జంతు సంక్షేమ సంస్థల ఆశ్రయాల నుంచి దత్తత తీసుకోవచ్చు. నగరంలో 1992లో ఏర్పడిన బ్లూక్రాస్ వంటి సంస్థలు ఈ దిశగా కృషి చేస్తున్నాయి. వైద్య సలహాలకు రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాల ఆసుపత్రి, నారాయణగూడలోని ప్రభుత్వ పశువైద్యశాల అందుబాటులో ఉన్నాయి.

జత కట్టించే ముందు వేసుకోవాల్సిన ప్రశ్నలు

● కుక్కకు 18 నెలలు నిండాయా? వైద్యుడి ధ్రువీకరణ ఉందా?
● రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు వద్ద నమోదు పూర్తయిందా?
● నాలుగు నెలలు ఇంట్లో ఉండి చూసుకునేవారు ఉన్నారా?
● అర్ధరాత్రి సిజేరియన్ అవసరమైతే ఆసుపత్రి, అందుకు సొమ్ము సిద్ధంగా ఉన్నాయా?
● ప్రతి కూనకూ నమ్మకమైన ఇల్లు ముందే ఖరారైందా?
● అయిదేళ్ల తర్వాత ఆ కుక్క తిరిగి వచ్చినా తలుపు తెరవగలరా?

వీటిలో ఏ ఒక్కదానికి 'లేదు' అన్న సమాధానం వచ్చినా, ఆ కుక్కకు సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయించి, ఉన్న ఒక్కదాన్నే ఆప్యాయంగా చూసుకోవడం ఉత్తమం.